పూజకు పెట్టని పానా

నేను భయస్తురాలిని. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాచి లాభం లేదు. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. గ్యాసు కట్టేశానని తెలిసి కూడా లేచి వెళ్ళి మళ్ళీ తిప్పి చూస్తాను. మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీస్తే కిటికీలు మూస్తాను, ఉక్కపోస్తే తెరుస్తాను, తెరిచినందుకు బాధపడతాను. ఇప్పుడు ఇది రాస్తూ కూడా మధ్యమధ్య కలం ఆపి పాప ఊపిరి వింటున్నాను.

ఇలాంటి మనిషి కారు నడపకూడదని మా బావగారి అభిప్రాయం. ఇలాంటి మనిషి కారు నడపడం మానేస్తే ఇంక దేనికీ ధైర్యం చెయ్యదని నా అభిప్రాయం. పోయిన ఆయుధపూజకు ఈ రెండు అభిప్రాయాల సంగతీ మా వాకిట్లో తేలిపోయింది.

కారు మా నాన్నది. ఇంగ్లండులో తయారైంది, ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది. వయసులో నాకన్నా కాస్త పెద్దది. హార్బరు దగ్గర ఏదో కంపెనీలో పనిచేసిన ఒక దొర తన దేశానికి వెళ్ళిపోతూ నాన్నకు అమ్మి వెళ్ళాడు. నాన్న దాన్ని షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగే పందేలకు తీసుకెళ్ళేవాడు. ఏనాడూ గెలవలేదు. సాయంత్రం ఒంటినిండా దుమ్ముతో ఇంటికొచ్చి, "ఒక్క గేరు కూడా అరవలేదు తెలుసా" అని అమ్మకు చెప్పేవాడు. ఆయనకు కప్పు వచ్చినంత సంతోషం అందులోనే ఉండేది. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివే రోజుల్లో పందేలు లేని ఆదివారాలు అదే రన్‌వే మీద నాకు నడపడం నేర్పాడు. "చేత్తో తొయ్యద్దు. చెవితో విని వెయ్యి. అది ఒప్పుకున్నప్పుడే చెయ్యి కదపాలి" అనేవాడు.

నా పెళ్ళయిన కొన్నాళ్ళకు ఆయన పోయాడు. పోయే ముందు అమ్మతో, "కారు అమ్మాయికి" అన్నాడు. అలా అది తొండియార్‌పేటలో మా అత్తగారింటి వాకిట్లోకి వచ్చింది. హార్బరు లారీలు, చేపల బుట్టల రిక్షాలు తిరిగే వీధిలో అంత పొట్టి కారును చూసి జనం మొదట్లో నవ్వారు. తర్వాత అలవాటుపడ్డారు. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే చేయగలిగిన పని అదొక్కటే. అన్నం అత్త నాకన్నా బాగా వండుతుంది. లెక్కలు మా ఆయన బాగా చూస్తారు. కారు మాత్రం నేను తప్ప ఎవరూ నడపలేరు. దాని మీద నాకున్న పట్టుదల అర్థం కావాలంటే ఈ ఒక్క మాట చాలు.

పాప పుట్టి, పుట్టింటి నుంచి తిరిగి వచ్చాక మొదటిసారి కారు తీసినప్పుడు రెండో గేరు గర్రుమంది. ఫస్టు నుంచి రెండుకు మార్చేటప్పుడు ఇనుప డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడు. ఒక్కోసారి పడేదే కాదు. కొన్నాళ్ళకు మూడో గేరు కూడా దానికి వంత పాడింది. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"కాన్పయినాక చెయ్యి మరిచిపోయుంటాదిలే" అన్నారు బావగారు, మా ఆయనకు అన్నగారు, తమిళం కలిసిన ఆ ఇంటి తెలుగులో.

నేనూ అదే నమ్మాను. బిడ్డను కన్న ఆడదాని గురించి ఎవరేం చెప్పినా నిజమేమో అనిపించే రోజులవి. నిద్రలేదు, మతిమరుపు, జుట్టు రాలుతోంది. చెయ్యి కూడా మరిచిపోయి ఉంటుంది, ఎందుకు మరిచిపోదు?

అత్తనూ పాపనూ రాయపురంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తిరిగి వస్తున్నప్పుడు జరిగింది అసలు గొడవ. రైల్వే గేటు దగ్గర వరసలో ఆగి, ముందు లారీ కదలగానే ఫస్టులో పట్టాల మీదికి ఎక్కాను. రెండో గేరు వేయబోతే పడలేదు. మళ్ళీ తోశాను. గర్రుమని వెనక్కి తన్నింది. ఫస్టుకు తిరిగి పోదామంటే అదీ పడలేదు, ఇంజను ఆగిపోయింది. అప్పుడే గేటు గంట మోగడం మొదలైంది. రైలు ఇంకా కంటికి కనబడే దూరంలో కూడా లేదు. కానీ నా చెవుల్లో ఆ గంట తప్ప ఇంకేమీ లేదు. గేటుమాను కేకలు వేస్తూ వచ్చాడు, రిక్షావాళ్ళు నలుగురు వచ్చి వెనకనుంచి తోశారు, కారు అవతలికి చేరింది. అత్త ఒళ్ళో పాప మాత్రం జనాన్ని చూసి నవ్వుతోంది.

అత్త ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రానికి బావగారు టీ కొట్టులో విని వచ్చారు.

"రైలు గేటుకాడ కారు నిలిపేసినావంట. పాప ఉండగా." గొంతు పెంచలేదు. ఆయన కోపంగా అరిచి ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన నిజంగా భయపడ్డారు.

"ఆయుధపూజ దాకా చూస్తాను బావా. అప్పటికీ గేరు ఇట్లాగే ఉంటే అమ్మేద్దాం. నేనే సంతకం పెడతాను" అన్నాను.

ఆ మాట అన్నాక నాకే భయం వేసింది. అయినా అన్నది నేనే. ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నారు. రెండో రోజుకల్లా పుదుపేటలో పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే ఒకతన్ని కుదిర్చారు. విజయదశమి పొద్దున మంచిరోజని, అప్పుడొచ్చి తీసుకెళతానన్నాడట. నాన్న కారు చక్రాలు ఒకచోట, తలుపులు ఒకచోట మేకులకు వేలాడుతుండటం నా కళ్ళ ముందు కదిలింది.

మరునాడు పాప పడుకున్నాక తలుపు దగ్గరగా వేసి, ఏడిస్తే వినబడేలా కిటికీ తీసి, కార్లో కూర్చున్నాను. ముందు ఇంజను ఆపి గేర్లు వేసి చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, వెనకది. అన్నీ మారు మాట్లాడకుండా పడ్డాయి. అంటే గేరు కర్రలోనూ దాని కింది కడ్డీల్లోనూ లోపం లేదు. ఇంజను నడిపి, క్లచ్చు పూర్తిగా తొక్కి, కాస్త ఆగి ఫస్టు వేశాను. చప్పుడు లేదు. అంటే క్లచ్చు సరిగానే విడుస్తోంది. కారు కదిలాక, ఒక గేరు నుంచి ఇంకో గేరుకు పోయేటప్పుడే గొడవంతా. అంటే రోగం పెట్టె లోపల ఉంది.

నాన్న ఈ లోపలి సంగతి నాకు వంటింట్లో రెండు ఇత్తడి గ్లాసులు పట్టుకుని చెప్పాడు. గేరుబాక్సులో చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. ఒకదాని పళ్ళు ఇంకోదానిలో దిగాలంటే ముందు రెండూ ఒకే వేగానికి రావాలి. ఆ పని చేసేది మధ్యలో ఉండే ఇత్తడి ఉంగరం. గ్లాసులో గ్లాసు దించి నొక్కితే ఇరుక్కుని పట్టుకుంటుంది చూడు, అలా ఆ ఉంగరం చక్రాన్ని ఒడిసిపట్టి వేగం సరిచేస్తుంది. "ఫస్టుకు ఆ ఉంగరం లేదు, అందుకే దాన్ని ఆగి ఉన్నప్పుడే వెయ్యాలి. మిగతా మూడింటికీ ఉంది. గ్లాసుల మధ్య ఆముదం పోస్తే పట్టుకుంటుందా?" అని అడిగి, ఆయనే "జారుతుంది" అని జవాబు చెప్పుకున్నాడు.

ఆముదం అన్న మాట గుర్తురాగానే కారు నేల మీది చాప ఎత్తాను. రెండు సీట్ల మధ్య గూనిలా ఉన్నచోట రబ్బరు మూత తీస్తే నూనె మట్టం చూసే పుల్ల ఉంటుంది. పైకి లాగాను. నూనె తేనెలా సాగింది. వాసన చూశాను. అగ్గిపుల్ల గీసిన వాసన, దాని వెనకే కుళ్ళిన ఉల్లిపాయ వాసన. కాలేజీ ల్యాబులో ఆ వాసన పీల్చి పీల్చి అన్నం సయించని రోజులు నాకు గుర్తున్నాయి. గంధకం.

నాన్న పోసే నూనెలో గంధకం ఉండదు. చెయ్యి మరిచిపోలేదు. నాకు ఆ క్షణంలో కలిగింది సంతోషం కాదు, ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు నా చెయ్యిని నేనే తిట్టుకున్నాను.

బావగారు మనలిలో ఒక నూనెల కంపెనీలో పనిచేస్తారు. ప్రతి ఆయుధపూజకూ ఆ కంపెనీవాళ్ళు పనివాళ్ళకు బొరుగులు, మిఠాయి పొట్లంతో పాటు ఒక నూనె టిన్ను కూడా ఇస్తారు. మా ఇంట్లో ఆ టిన్నుకు ప్రసాదానికున్న మర్యాద ఉంది. కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచి, ఆ తర్వాతే మూత తీస్తారు. బావి గిలకకు అదే, తలుపు బందులకు అదే, అత్త కుట్టుమిషనుకు అదే. అది ఏ రకం నూనె అని ఎవరూ అడగరు. ప్రసాదం పులిహోరా, చక్కెర పొంగలా అని చూసి తీసుకుంటామా?

ఆయన డ్యూటీ నుంచి రాగానే అడిగాను.

"బావా, కారు గేరుబాక్సులో నూనె మార్చింది ఎవరు?"

"నేనే. పోయిన ఆయుధపూజకు. నువ్వు ఆడ పుట్టింట్లో ఉండావు కదా. బిడ్డతో వస్తావని, బండి బాగుండాలని మార్చినాను. కంపెనీ టిన్ను, ఫస్టు క్లాసు గేరు ఆయిలు. మీ నాయన పోసింది నీళ్ళ మాదిరి ఉన్నింది, పావం."

"నాన్న పోసింది ఇంజను ఆయిలు. ఈ బండి గేరుబాక్సుకు అదే పొయ్యాలి."

"గేరుబాక్సుకు ఇంజను ఆయిలా?" ఆయన చెప్పులు విప్పుతూ నవ్వారు. "తలనొప్పి వస్తే మోకాలికి కట్టు కట్టినట్టుండాది."

"ఇది లారీ ఇరుసుకు పోసే నూనె బావా. గంధకం కలుస్తుంది. ఇనుముకు మంచిదే. లోపల ఇత్తడి ఉంది, దాన్ని తినేస్తుంది."

"అంత పెద్ద లారీకి పనికొచ్చింది ఈ చెప్పంత బండికి పనికిరాదా? ఇన్నేండ్లుగా నూనెలోనే ఉండాను. నూనె ఇత్తడిని తింటాదని ఇప్పుడు దా వింటా ఉండాను."

ఆయన నన్ను తక్కువ చేయాలని అనలేదు. ప్రేమతో పోశారు. ఆ ప్రేమనే నేను తప్పు అంటున్నాను. దానికి నేను ఎంత మెల్లగా చెప్పినా మెల్లగా వినబడదు. మా ఆయన అక్కడే పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పలేదు, తల ఎత్తలేదు.

కళ్ళకు కనబడితే తప్ప ఈ ఇంట్లో మాట నిలవదని అర్థమైంది. ఆయుధపూజ ముందురోజు మధ్యాహ్నం అత్తను రెండు చిల్లు కానీలు అడిగాను. నడుమ రంధ్రమున్న పాతకాలపు రాగి డబ్బులవి, ఇత్తడిలోనూ ఎక్కువ భాగం రాగే. దిష్టి తగలకుండా పాప మొలతాడుకు కట్టాలని అత్త పోపుల పెట్టెలో దాచింది.

"ఎందుకుమే?"

"ఉడికించాలి అత్తా."

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. అయినా ఇచ్చింది. రెంటినీ చింతపండుతో తోమాను, దీపపు కుందులు తోమినట్టే. కొత్త కానీల్లా మెరిశాయి. రెండు చిన్న మూత గిన్నెలు తీసుకున్నాను. ఒకదానిలో గేరుబాక్సు పుల్లకంటిన నూనెతో పాటు, పోయినేటి టిన్నులో అడుగున మిగిలింది పోశాను. ఇంకోదానిలో మామూలు ఇంజను ఆయిలు. ఒక్కో కానీ వేసి, మూతలు బిగించి, నా పెళ్ళికిచ్చిన పాత ఇడ్లీ పాత్రలో పెట్టి స్టవ్వు వెలిగించాను.

వంటింట్లోకి వచ్చి అత్త ముక్కు మూసుకుంది. "ఏం ఇడ్లీలుమే ఇవి? యముడికా?"

"చూద్దురుగాని ఉండండి."

నీళ్ళు ఇంకినప్పుడల్లా పోస్తూ సాయంత్రం దాకా ఆవిరి పట్టించాను. పాపను వంటింటి గడప దాటనివ్వకుండా చంకలోనే పెట్టుకుని తిరిగాను. చల్లారాక మూతలు తీశాను. ఇంజను ఆయిల్లోంచి తీసిన కానీ ఎలా వేశానో అలాగే ఉంది, కాస్త ఎర్రబారింది అంతే. రెండోది బొగ్గులా నల్లబడింది.

అత్త ఆ నల్లకానీని లాక్కుని, తొట్టి దగ్గర కూర్చుని, చింతపండు వేసి రుద్దింది. బూడిద వేసి రుద్దింది. పీచు అరిగిపోయేలా రుద్దింది. ఇత్తడి, రాగి సామాన్ల మీద ఆవిడకున్న అనుభవం ముందు నా డిగ్రీ దేనికీ చాలదు. మరక కొంత వదిలింది, దాని కింద గుంటలు పడిన రాగి కనబడింది.

"పోదుమే ఇది. తినేసినాది" అంది. నల్లకానీని కొంగుకు తుడిచింది. "ఆ రోజు గేటుకాడ నీ చేతిలోనే తప్పనుకున్నాను. లోపల చుమ్మా ఊరికే నిన్ను తిట్టుకుంటా ఉండాను."

బావగారు రాగానే అత్తే చూపించింది. ఆయన కానీని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇడ్లీ పాత్రలో ఉడికిస్తే ఏదైనా నల్లబడతాదిలే" అన్నారు. మరి ఇంజను ఆయిల్లోది ఎందుకు నల్లబడలేదని నేను అడిగితే చేతిలోది గట్టు మీద పెట్టేశారు. "రేపు ఆయుధపూజ. స్పానరు ముట్టేదానికి లేదు. ఎల్లుండి పొద్దునే మనిషి వస్తా ఉండాడు. మాట నీది దానే" అన్నారు.

ఆ మాట నిజం. ఆయుధపూజ నాడు పనిముట్లు పూజకు పెడితే మరునాడు పొద్దున దాకా కదిలించకూడదు. అప్పటికే ఆయన సుత్తి, రంపం, పట్టుకారు, కొలబద్ద అన్నీ కడిగి పలక మీద వరసగా పేర్చుతున్నారు. నాన్న పానాల సంచీ కూడా అడిగారు. తీసుకొచ్చి ఇవ్వబోతూ అత్త వైపు చూశాను. ఆవిడ కత్తిపీట, రెండు కత్తులు, రోకలి, తురుంపీట పూజకు ఇచ్చి, మొండిగా ఉన్న ఒక పాత కత్తిని గోనెసంచి కింద దాస్తోంది. ఈ కత్తి సంగతి నాకు తెలుసు. ప్రతి ఏడూ అంతే. పనిముట్లన్నిటికీ సెలవిచ్చి మగవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. వాళ్ళకు మధ్యాహ్నం వడ, పాయసం, నాలుగు కూరలు కావాలి. కూరగాయలు వాటంతటవే తరుక్కోవు. అందుకని ప్రతి వంటింట్లోనూ పూజకు పెట్టని కత్తి ఒకటి ఉంటుంది. దాన్ని గురించి ఎవరూ అడగరు.

అత్త నా చూపు చూసింది. సంచి కింది కత్తిని చూసుకుంది.

"నీది కూడా ఒకటి తీసి పెట్టుకోమే" అంది.

నాన్న పానాలు ఇంగ్లీషు కొలతలవి, ఇంట్లో ఉన్న మిగతావి ఆ కారు బోల్టులకు సరిపోవు. నాకు కావలసినది ఏదో చేతికే తెలుసు. దాన్ని తీసి కత్తి పక్కన పెట్టి, మిగతా సంచీని బావగారికి ఇచ్చాను. సంచీలో ఒకటి తక్కువున్న సంగతి ఆయన చూశారో లేదో తెలియదు. అత్త ఎదురుగా ఉంది కాబట్టి చూసినా అడగలేదేమో.

మరునాడు పొద్దున పూజ అయింది. కారుకు చామంతి దండ వేసి, ముందు అరటి పిలకలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా ఇంటి పద్ధతిలో అది మరునాడు పొద్దున దాకా అలాగే ఉండాలి, కదపకూడదు. భోజనాలయ్యాక బావగారు కంపెనీలో పూజకు వెళ్ళారు. నేను పాత చీర కట్టి, కొంగు బిగించి, సంచి కింద నుంచి పానా తీశాను.

మా వాకిట్లో వాననీళ్ళ కాలవ ఉంది, దాని మీద రెండు రాతి పలకలు. కారు ఎప్పుడూ ఆ పలకల మీదే నిలబడుతుంది. వానలు ఇంకా దిగలేదు, కాలవ ఎండిపోయి ఉంది. సన్నటి మనిషి పడుకుని కారు కిందికి జరగవచ్చు. దిగే ముందు పలకలను కాలితో తన్ని చూశాను. మళ్ళీ తన్ని చూశాను.

మా ఆయన పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చేతిలో పెట్రోలు బంకులో అమ్మే ఇంజను ఆయిలు డబ్బా ఉంది. నేను అడగలేదు. నిన్న డ్యూటీ నుంచి వస్తూ కొన్నారట, చెప్పలేదు. ఆయన ధైర్యం ఎప్పుడూ ఇలాగే డబ్బాలోనే వస్తుంది.

"అన్న వస్తే ఏం చెప్పేది?" అన్నారు.

"పాప ఏడుస్తోందని చెప్పండి."

"పాప నవ్వుతా ఉండాదే."

"అయితే మీరు ఏడవండి."

లోపల నుంచి అత్త నవ్వు వినబడింది.

కారు కింద వీపుకు కాలవ అడుగు ఇసుక గుచ్చుకుంది. చామంతి రేకులు మొహం మీద రాలుతున్నాయి. గేరుబాక్సు అడుగున బోల్టుకు పానా పెట్టి లాగాను. కదల్లేదు. కాలు కాలవ గోడకు తన్నిపట్టి లాగాను. కదిలింది. అల్యూమినియం బేసిను జరిపేలోపే నూనె నా మోచేతి మీదుగా కారింది. ఇంజను వేడెక్కించి ఉంటే త్వరగా దిగేది. కారును కదపకూడదన్న మాట మాత్రం నేను నిలబెట్టాను, అందుకని అది తీగలా, పాకంలా, విసుగు పుట్టేంత మెల్లగా దిగింది. నేను కిందే పడుకుని చూస్తున్నాను. పాప గొంతు వినబడినంతసేపు సరే, ఆగితే గుండె ఆగేది. మళ్ళీ వినబడేది.

బేసిను ఎండలోకి లాగినప్పుడు నూనె మీద సన్నటి మెరుపు తేలింది. వేలు ముంచి చూశాను. బంగారు పొడిలా ఉంది. అది ఆ ఇత్తడి ఉంగరాల పొడి. నాన్న ఇన్నేళ్ళు ఒక్కసారి అరవనివ్వకుండా కాపాడినది, ఒక్క ఏడాదిలో అరిగి నా వేలికి అంటుకుంది. అత్త మెట్టు దిగి వచ్చి చూసింది. నేను ఏడవలేదు. పోయింది పోగా మిగిలింది ఎంతో తెలియాలి ముందు.

బోల్టు బిగించి, లోపల గూని దగ్గర రబ్బరు మూత తీసి, గరాటుకు గొట్టం తగిలించి కొత్త నూనె పోశాను. పుల్ల తీసి మట్టం చూశాను. నీళ్ళ మాదిరే ఉంది, పావం. కింద నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పానా కడిగి, గోనెసంచి కింద కత్తి పక్కనే పెట్టాను.

పని చేస్తుందో లేదో చూసే వీలు లేదు. నడపాల్సింది రేపే, అందరి ఎదుటా.

విజయదశమి పొద్దున పుదుపేట మనిషి వచ్చాడు. పెద్ద మనిషే, తెల్ల షర్టు, చేతిలో ఒక తాడు. లాక్కెళ్ళడానికి తెచ్చుకున్నాడు. ఆ తాడు చూడగానే నా భయం ఎటో పోయింది. లేక భయమే అలా మారిందేమో, నాకు తెలియదు.

"ఒక్కసారి నడిపి చూపిస్తాను బావా. తర్వాత మాట్లాడదాం" అన్నాను.

నేను సీట్లో కూర్చోగానే అత్త పాపను ఎత్తుకుని వచ్చి పక్క తలుపు తీసింది.

"అమ్మా, పాపను దించు" అన్నారు బావగారు.

"ఆ రోజు నేనూ బిడ్డా దా ఉండాము. ఈ రోజు కూడా మేమే ఉండాల. ఎవరికి తెలిసేది లేకుంటే?" అని కూర్చుంది. ఆ పొట్టి సీట్లోకి దిగడానికి ఆవిడ మోకాళ్ళు ఎంత నొప్పి పెడతాయో నాకు తెలుసు.

పాపతో వద్దని నేనే అనాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ కొత్త నూనెతో బాగుపడకపోతే ఆగిపోతుంది, అంతే. పట్టాల దాకా పోకముందే తెలిసిపోతుంది. అలా లెక్క వేసుకుని స్టార్టు చేశాను. ఫస్టు వేశాను. చక్రాల కింద నిమ్మకాయలు టప్పుమన్నాయి.

వీధి మలుపు దగ్గర క్లచ్చు తొక్కి, కర్ర మధ్యకు తెచ్చి ఆపాను. తోయలేదు. విన్నాను. లోపల చక్రం శబ్దం మెల్లగా దిగుతూ, దిగుతూ, ఒకచోట సర్దుకుంది. చెయ్యి కదిపాను. రెండో గేరు కాస్త గొణిగింది, అంతలోనే పడింది. మూడోది గొణగకుండానే పడింది.

అత్త ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో తలుపును గట్టిగా పట్టుకుని ఉంది. "పడినాదా?"

"పడింది అత్తా."

"సరి. గేటుకు పో."

గేటు దాకా వీధుల్లో మళ్ళీ మళ్ళీ మార్చి చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి తన్నలేదు. గేటు తెరిచే ఉంది. పట్టాల మీద ఫస్టు నుంచి రెండుకు మార్చాను, పడింది. గేటుమాను మమ్మల్ని గుర్తుపట్టి, తోయడానికి సిద్ధంగా రెండడుగులు ముందుకు వచ్చాడు. అత్త అతనికి చెయ్యి ఊపింది, ఊరేగింపులో దేవతలాగా. అవతల తిప్పుకుని మళ్ళీ అవే పట్టాలు దాటి వచ్చాము. మొత్తం దారిలో నేను రెండుసార్లు తొందరపడ్డాను, రెండుసార్లూ అది గర్రుమంది. అరిగిన ఇత్తడి తిరిగి రాదు. ఆగి వేస్తే పడుతుంది, తొందరపెడితే అరుస్తుంది. ఆ మాత్రం ఓపిక నాకు ఉంది. బిడ్డ తల్లికి ఇంకేం ఉన్నా లేకపోయినా అది ఉంటుంది.

వాకిట్లో కారు ఆపి దిగాను. తాళంచెవి చేతిలోనే పట్టుకుని బావగారికి ఎదురుగా నిలబడ్డాను.

"సంతకం పెట్టను బావా. గేరు పడుతోంది. నేను ఇచ్చిన మాట అయిపోయింది."

బావగారు పుదుపేట మనిషి వైపు చూశారు. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, నలిగిన నిమ్మతొక్కను చెప్పుతో పక్కకు తోసి, నడిచే బండిని విప్పడం తనకూ నచ్చదని తమిళంలో చెప్పాడు. తాడు చుట్టుకున్నాడు. అత్త అతనికి బొరుగులూ మిఠాయీ పొట్లం కట్టి ఇచ్చింది.

గట్టు మీద ఈ ఏటి టిన్ను, మొహాన కుంకుమతో ఉంది. బావగారు దాన్ని ఎత్తి, మొదటిసారి, దాని మీద ఏం రాసి ఉందో చదివారు.

"అయితే దీన్ని ఏం చేసేది?" అన్నారు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"బావి గిలకకు పొయ్యి. అది ఇనుము దానే" అంది అత్త. "నా మిషనుకు మాత్రం పొయ్యద్దు."

ఆయన ఇప్పటికీ నేను కారు తీస్తే వాకిట్లోకి వచ్చి నిలబడతారు. వీధి చివర రెండో గేరు పడే శబ్దం వినేదాకా లోపలికి వెళ్ళరు. భయం ఒక్క నాదే కాదని నాకు అప్పుడు తెలుస్తుంది. తెలిసినా కారు ఆపను.

నల్లబడిన కానీని కారు తాళంచెవికి కట్టుకున్నాను. అత్త దాన్ని దిష్టిబిళ్ళ అంటుంది. పాప చూసినప్పుడల్లా నోట్లో పెట్టుకోబోతుంది. అందుకని తాళంచెవిని గోడకు బాగా పైన, నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ అందని మేకుకు తగిలిస్తున్నాను.